పాపకి కసాయ్ ఆపరేషన్ అయింది, ఇంగ్లండ్‌కి కొత్తగా వచ్చాం, సలహా కావాలి

అందరికీ నమస్కారమండి. మాది ముమ్మిడివరం దగ్గర. మావారి ఉద్యోగం మీద పోయిన నెల మాంచెస్టర్ వచ్చాం. పాపకి రెండున్నరేళ్ళు. బైలియరీ అట్రీషియా (లివర్ నుంచి పైత్యరసం వచ్చే నాళాలు మూసుకుపోయే జబ్బు), 70వ రోజున హైదరాబాద్‌లో కసాయ్ ఆపరేషన్ చేశారు. ఇప్పుడు కామెర్లు లేవు గానీ స్ప్లీన్ (ప్లీహం) కొంచెం పెద్దదైందన్నారు. ఇక్కడ ఎవరికి చూపించాలో, ఏం పెట్టాలో తెలియట్లేదు. ఊర్నుంచి అత్తయ్యగారు పసరు మందు పంపుతానంటున్నారు. ఇలాంటి పిల్లలున్నవాళ్ళు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

జవాబు:

చెల్లెమ్మా, మాది రాజోలు. నువ్వు అని రాస్తున్నాను, ఏమీ అనుకోకు. మా బాబుదీ ఇదే జబ్బు. కసాయ్ చేసినా నాలుగో ఏట లివర్ మార్చాల్సి వచ్చింది, వాళ్ళ నాన్న తన లివర్‌లో కొంత ఇచ్చారు. ఇప్పుడు వాడికి పదకొండేళ్ళు. అప్పట్లో ఆపరేషన్ పేరు వినగానే మా అత్తగారు హడలిపోయారు, పసివాడికి ఆ కసాయి మాటేంటి అని. మోరియో కసాయ్ అని జపాన్ సర్జన్, ఆయన పేరే పెట్టారు. నీకూ ఎవరో ఒకరు అనే ఉంటారు.

అన్నిటికంటే ముందు జ్వరం సంగతి. మూసుకుపోయిన పైత్యనాళాలు తీసేసి పేగుని నేరుగా లివర్‌కి కుడతారు కదా, ఆ దారినే పేగులోని క్రిములు పైకి పాకి లివర్‌కి ఇన్ఫెక్షన్ తెస్తాయి. కొలాంజైటిస్ అంటారు. మామూలు జలుబు జ్వరానికీ దీనికీ పైకి తేడా తెలీదు. అందుకని 38 డిగ్రీలు, మన లెక్కలో 100.4, దాటిందంటే తెల్లారనిద్దాం అనుకోవద్దు, అర్ధరాత్రయినా హాస్పిటల్‌కి తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించాలి.

మేం ఇంగ్లండ్ వచ్చిన మొదటి చలికాలం బాబుకి జ్వరమొస్తే రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు వైరల్ అని పంపేశారు. డాక్టరుకి నేను చెప్పేదేముందని నోరెత్తలేదు. పొద్దున్నే డైపర్ విప్పితే దొడ్డి తడిసిన సున్నంలా ఉంది, కళ్ళు పసుపెక్కాయి. రెండు వారాలు ఆస్పత్రిలోనే ఉండి నరానికి యాంటీబయాటిక్స్ ఎక్కించారు. ఆ తర్వాత ఒక కాగితం రాయించుకున్నాను: బైలియరీ అట్రీషియా, కసాయ్ అయింది, జ్వరం వస్తే కాదని తేలేదాకా కొలాంజైటిస్ అనే అనుకోవాలి, మా లివర్ యూనిట్ ఫోన్ నంబరు ఇది. ఒకటి ఫ్రిజ్ తలుపుకి అంటించాను, ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి బ్యాగులో వేశాను. ఆ కాగితం చేతికిస్తే ఇంకెప్పుడూ ఊరికే పంపేయలేదు.

జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు, దగ్గర ఈ వారమే రిజిస్టర్ అవ్వు. ఇంగ్లండ్‌లో పిల్లల లివర్‌కి పెద్ద సెంటర్లు మూడే: లీడ్స్, బర్మింగ్‌హామ్, లండన్‌లో కింగ్స్ కాలేజ్. నీకు దగ్గర లీడ్స్. జీపీ రాస్తేనే అక్కడికి వెళ్ళగలవు, కాబట్టి చిన్నపిల్లల లివర్ సెంటర్‌కే రిఫర్ చేయమని గట్టిగా అడుగు. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలంటే డబ్బులేం తీసుకోకుండా పెడతారు, ముందే చెప్పాలి.

తిండి దగ్గర మనవాళ్ళతో పెద్ద చిక్కు. కామెర్లనగానే నూనె, నెయ్యి, ఉప్పు మానేసి మజ్జిగన్నం పత్యం పెడతారు. ఈ పిల్లలకి అది ఆకలి చావు లాంటిది. పేగులోకి పైత్యరసం సరిగ్గా రాక కొవ్వు ఒంటికి పట్టదు, అసలే బరువు పెరగరు, మిగతా పిల్లలకంటే ఎక్కువే తినాలి. పైత్యం లేకపోయినా ఒంటికి పట్టే ఎంసీటీ కొవ్వు ఉన్న పాలపొడి డైటీషియన్ రాస్తారు. కొబ్బరినూనెలో అదే ఉందట కదా అని మా కోనసీమ బంధువులందరూ అన్నారు. కొంత ఉంది గానీ దానికి సాటిరాదు. ఏ, డీ, ఈ, కే విటమిన్లు కూడా కొవ్వుతోనే ఒంట్లోకి వెళ్తాయి, అందుకే చుక్కలు ఒక్కరోజు కూడా మానకు. కే తగ్గితే చిన్న దెబ్బకే కమిలిపోతుంది, ముక్కులోంచి రక్తం వస్తే ఆగదు.

పసరు మాత్రం వద్దు. పాప లివర్ ఇప్పటికే గట్టిపడి ఉంటుంది, అందులో ఏముందో తెలియని ఆకు దాని మీద వేయకూడదు. ఇక్కడి షాపుల్లో నూరోఫెన్ అని ఇబుప్రోఫెన్ మందు చేతికందేలా పెడతారు, అదీ వద్దు. పారాసిటమాల్ కూడా వాళ్ళు పాప బరువు చూసి చెప్పినంతే. స్ప్లీన్ పెద్దదైందంటే పొట్టకి దెబ్బ తగలకుండా చూసుకో. రక్తం కక్కినా, దొడ్డి తారులా నల్లగా వచ్చినా వెంటనే అంబులెన్స్‌కి 999కి ఫోన్ చెయ్యి.

మార్పిడి అంటే భయపడకు. మన దేశంలో పిల్లలకి మొదట విజయవంతంగా లివర్ మార్చింది 1998లో ఢిల్లీలో, ఆ బాబుకీ ఇదే జబ్బు, తండ్రే ఇచ్చాడు. ఆ పిల్లాడు పెరిగి డాక్టరయ్యాడు. మా వాడు ఆస్పత్రిలో ఉన్న రాత్రుళ్ళు ఆ పిల్లాడి ఫోటో చూస్తూ కూర్చునేదాన్ని.

ఇంకో జవాబు:

అక్క చెప్పినదానికి రెండు ముక్కలు కలుపుతానండి, మాది పాలకొల్లు. మీ వీసా మీద పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ భత్యాలు) లేవని ఉంటే వైకల్యం ఉన్న పిల్లలకిచ్చే డీఎల్ఏ భత్యానికి అప్లై చేయకండి, వీసాకే ఇబ్బంది. ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ ఆస్పత్రుల) వైద్యం పబ్లిక్ ఫండ్స్ కిందకి రాదు, పాపకి ఏడాదికి 776 పౌండ్ల లెక్కన వీసాతోపాటు వైద్యం సర్‌చార్జి కట్టే వచ్చారు కదా, మొహమాటపడకండి. టీకాలు ఏవి బాకీ ఉన్నాయో ఇప్పుడే అడగండి, ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ లాంటి లైవ్ టీకాలు మార్పిడి తర్వాత సాధారణంగా వేయరు. సంక్రాంతికి ఊరెళ్తే మందులన్నీ చేతిసంచిలోనే. మా అమ్మాయికి మార్పిడి అయ్యి, కొత్త లివర్‌ని ఒళ్ళు తిప్పికొట్టకుండా టాక్రోలిమస్ అనే మందు వాడుతోంది, దాంతో పంపరపనస తినకూడదు, మందు రక్తంలో ఎక్కువైపోతుంది. పెరట్లో చెట్టు, ఎదురుగా తాతయ్య ఒలుస్తుంటే దాన్ని ఆపడం ఎంత కష్టమో.

అడిగినవారు:

చదువుతుంటే ఏడుపొచ్చింది అక్కా. జీపీ ఫారం ఇవాళే ఇచ్చాం. పసరు వద్దని ఫోన్‌లో చెప్తే అత్తయ్యగారు చిన్నబుచ్చుకున్నారు. ఇంకో సంగతి, ఆపరేషన్ డిశ్చార్జి సమ్మరీ ఊళ్ళో బీరువాలో ఉండిపోయింది.

జవాబు:

అయితే ఆవిడకే ఆ పని అప్పచెప్పు. ఆవిడకీ పాపకోసం ఏదో ఒకటి చేయాలని ఉంటుంది. సమ్మరీ, స్కాన్లు, పాత రక్తపరీక్షలు ఒక్క కాగితం వదలకుండా ఫోటోలు తీయించి వాట్సాప్‌లో పంపమను. మా అత్తగారు అమలాపురంలో జిరాక్స్ షాపు దగ్గర మధ్యాహ్నమంతా కూర్చుని మా బాబు ఫైలు మొత్తం తేదీల వారీగా సర్ది పంపారు. ఇక్కడ మొదటి అపాయింట్‌మెంట్‌లో డాక్టరు చదివింది ఆ ఫైలే.