గుర్రాల మధ్య నుంచి, బండి కింద నుంచి... యాకిమా కనట్ ఎలా బతికాడు?

నమస్తే అండి. పాత కౌబాయ్ సినిమాలంటే నాకు పిచ్చి. మొన్న 1939 నాటి ‘స్టేజ్‌కోచ్’ మళ్లీ చూశాను. అందులో స్టంట్‌మాన్ యాకిమా కనట్ పరుగెత్తే గుర్రాల మీదికి దూకి, తూటా తగిలినట్టు వాటి మధ్యకు జారి, బండి నొగ పట్టుకుని ఈడ్చుకుపోతూ చటుక్కున వదిలేస్తాడు. గుర్రాలు చెరోపక్కా, బండి పైనుంచీ పోతాయి. తర్వాత లేవబోతాడు కూడా, బొమ్మని పడేశారని మనం అనుకోకుండానేమో!

ఆ జోడు గుర్రాల మధ్య ఎంత ఎడం ఉంచేవారు? అవి బెదిరి పక్కకు తిరగకుండా ఎలా తర్ఫీదిస్తారు? ఫైట్స్ విభాగంలోనో, గుర్రాలతోనో పనిచేసినవాళ్లు కాస్త చెప్పరూ.

ఇంకోటి. రోడియో (కౌబాయ్‌ల గుర్రపుస్వారీ పోటీలు) ఛాంపియన్, మూకీల హీరో, ఫ్లూతో గొంతు దెబ్బతిని స్టంట్లకే పరిమితమై జాన్ వేన్‌కి డూప్. చివరికి ‘బెన్‌హర్’ రథాల పందెం తీయించింది ఈయనే. గౌరవ ఆస్కార్ కూడా ఇచ్చారు. 1979లో వచ్చిన ఆయన ఆత్మకథ పాత కాపీ హైదరాబాద్‌లో ఎక్కడైనా దొరుకుతుందా? జిరాక్స్ అయినా ఫర్వాలేదు, ఖర్చు నాదే.