60 రోజుల ఇన్సానిటీ పూర్తి చేశాను, తగ్గింది 2.4 కిలోలు. దీన్ని ఫలితం అంటారా, అనరా?

రవి_కేపీహెచ్‌బీ:
ఫిబ్రవరి 12న ఇన్సానిటీ ప్రోగ్రాం చివరి వర్కౌట్ చేశాను. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 2009లో షాన్ టీ చేసిన వీడియో ప్రోగ్రాం ఇది. 60 రోజులు, వారానికి 6 రోజులు. డంబెల్స్ అక్కర్లేదు, హాల్లో మ్యాట్ పట్టేంత చోటుంటే చాలు. మామూలు ఇంటర్వెల్ ట్రైనింగ్‌లో కాసేపు గట్టిగా చేసి ఎక్కువసేపు ఆగుతాం. ఇందులో అది తిరగబడుతుంది: మూడు నాలుగు నిమిషాలు ఊపిరాడనంతగా గెంతించి, ఓ అర నిమిషం ఆగనిస్తారు. మొదటి నెల రోజుకి 40 నిమిషాలు, మధ్యలో ఒక తేలిక వారం, రెండో నెల దాదాపు గంట.

నా వయసు 38. డిసెంబర్ 1న మొదలుపెట్టాను. బరువు 81.6 నుంచి 79.2. నడుము 96 సెంటీమీటర్ల నుంచి 89.5. పొద్దున లేవగానే పల్స్ 82 ఉండేది, ఇప్పుడు 68. ప్రోగ్రాంలోనే ఉండే ఫిట్ టెస్టులో నిమిషానికి పవర్ జంప్స్ (మోకాళ్లు పైకి లేపి గెంతడం) 24 నుంచి 47. మూడో అంతస్తు ఎక్కినా ఆయాసం లేదు.

ఆఫీసులో అందరూ బరువు ఒక్కటే అడిగి పెదవి విరుస్తున్నారు. నా ఉద్దేశంలో ఇది ఎవరైనా చేయగలిగిన పని, పట్టుదల ఉంటే చాలు. మా ఆవిడ కూడా నాతోనే మొదలుపెట్టి మూడో వారంలో వదిలేసింది. సాకులు వెతుక్కుంటే ఏ ప్రోగ్రామూ పనిచేయదు.

డాలస్_మురళి:
కంగ్రాట్స్ అన్నా. నడుము చూసుకోండి, బరువు వదిలేయండి. మన మగవాళ్లకి 90 సెంటీమీటర్లు హద్దు అంటారు, మీరు దాని లోపలికి వచ్చేశారు.

హనుమకొండ_శ్రీను:
డిసెంబర్ 1 నుంచి ఫిబ్రవరి 12 అంటే 74 రోజులు. డిసెంబర్ 31, జనవరి 31, పైన 12. టైటిల్లో 60 అని రాశారు. మిగతా 14 రోజులు ఏమయ్యాయి?

రవి_కేపీహెచ్‌బీ:
శ్రీను గారూ, బాబుకి జ్వరం 4 రోజులు. సంక్రాంతికి భీమవరం అత్తగారింటికి వెళ్లాం, 6 రోజులు. ఆఫీసులో రిలీజ్ టెన్షన్ 4 రోజులు. ఆగిన చోట నుంచే మళ్లీ మొదలుపెట్టాను. 60 రోజుల వర్కౌట్లూ అయ్యాయి, ఒక్కటీ వదల్లేదు.

హనుమకొండ_శ్రీను:
అయితే 60 రోజుల్లో పూర్తి చేయలేదు కదా. 74 రోజుల్లో చేశారు.

ఇంకో మాట. కిలో కొవ్వుకి దాదాపు 7,700 క్యాలరీలు. 2.4 కిలోలంటే 18,480. 74 రోజులకి పంచితే రోజుకి 250. అది 200 గ్రాముల వండిన అన్నంతో సమానం. రాత్రిపూట ఆ అన్నం తగ్గించుకుని పొద్దున వాకింగ్ చేసినా ఇదే వచ్చేది, మోకాళ్లు భద్రంగా ఉండేవి. డబ్ల్యూహెచ్ఓ కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాల మామూలు వేగం వ్యాయామమో, 75 నుంచి 150 నిమిషాల గట్టి వ్యాయామమో చాలంటుంది. మీరు రెండో నెలలో వారానికి 350 నిమిషాలు గెంతారు. ఎందుకు?

రవి_కేపీహెచ్‌బీ:
మీ లెక్క కొవ్వు ఒక్కటే తగ్గితే నిజం. కండ పెరిగి కొవ్వు తగ్గితే తూకం కదలదు. నడుము ఆరున్నర సెంటీమీటర్లు ఎలా తగ్గింది మరి? వాకింగ్ మూడేళ్లు చేశాను. కాలనీ పార్కులో రోజూ 40 నిమిషాలు. పల్స్ 82 దగ్గరే ఉండిపోయింది.

హనుమకొండ_శ్రీను:
కబుర్లు చెప్పుకుంటూ నడిస్తే అంతే ఉంటుంది. నేనడిగింది 14 రోజుల గురించి.

కింది_ఫ్లాట్:
పొద్దున ఐదున్నరకి పైనుంచి దబదబ శబ్దం వచ్చే ఇంట్లో నాలుగేళ్లుగా ఉంటున్నాను. మా అమ్మగారికి 76. గెంతేవాళ్లు ఒక్కసారి కిందికొచ్చి మా గదిలో నిలబడి వినండి.

వైజాగ్_ఫిజియో:
ఫలితమా కాదా అన్నది మీరే తేల్చుకోండి. ఒక్క విషయం చెప్పిపోతాను. కొత్తగా చేసేవాళ్లకి కండరాల నొప్పి రెండో రోజుకి పెరిగి, నాలుగైదు రోజుల్లో సర్దుకుంటుంది. కీళ్ల నొప్పి, మడమ నొప్పి అలా కాదు. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేసేటప్పుడు మడమలో పొడిచినట్టు ఉంటే గెంతులు ఆపేయండి. టైల్స్ మీద వట్టికాళ్లతో చేయకండి. మూత్రం డికాషన్ రంగులో వస్తే ఆ రోజే హాస్పిటల్‌కి వెళ్లాలి, రేపు చూద్దాం అనుకోకూడదు. బీపీ, షుగర్, గుండె సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ఇలాంటివి మొదలుపెట్టొద్దు.

రవి_కేపీహెచ్‌బీ:
నేను షూస్ వేసుకునే చేశాను మేడమ్. శ్రీను గారూ, మీరు ఆ 14 మీదే పట్టుకుని వేలాడుతున్నారు. ఒక మనిషి కష్టపడి సాధించింది కనిపించట్లేదా? చేయలేనివాళ్లకి చేసినవాళ్లలో తప్పులు వెతకడమే పని.

హనుమకొండ_శ్రీను:
చేయలేనివాణ్నా? సరే వినండి.

నేనూ ఇలాంటి గెంతుల ప్రోగ్రామే ఇంకొకటి చేశాను, మూడేళ్ల కింద. ఫ్రెండ్స్ అంతా ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. రోజూ చెమటతో ఫొటో పెట్టాలి. పెట్టకపోతే "సాకులు మొదలయ్యాయి" అని మెసేజ్ వచ్చేది. 41 రోజులు ఒక్క రోజు కూడా ఆగలేదు. 30వ రోజు నుంచి మడమ నొప్పి. గ్రూపులో చెప్తే "మైండ్‌లో నొప్పి, కాలులో కాదు" అన్నారు. 42వ రోజు పొద్దున బాత్రూం దాకా గోడ పట్టుకుని వెళ్లాను. 7 నెలలు కుంటాను. మా చెల్లి పెళ్లి ఊరేగింపులో నడవలేక కారులో కూర్చున్నాను.

నేను ఒక్క రోజు ఆగలేదు, అందుకే పూర్తి చేయలేకపోయాను. మీరు 14 రోజులు ఆగారు, అందుకే పూర్తి చేశారు. మీ కాళ్లు బాగున్నాయంటే ఆ 14 రోజుల పుణ్యం కూడా అందులో ఉంది. దాన్ని టైటిల్లోంచి తీసేసి, కింద పట్టుదల అని రాస్తే, చదివిన ఇంకో కుర్రాడు నాలాగే ఆగకుండా గెంతుతాడు. అందుకే అడుగుతున్నాను. అసూయతో కాదు.

డాలస్_మురళి:
శ్రీను అన్నా, ఇది మొదటి పోస్టులోనే చెప్పాల్సింది.

రవి_కేపీహెచ్‌బీ:
మీకు అలా జరగడం బాధగానే ఉంది. కానీ నేను ఎవరినీ నొప్పితో చేయమనలేదు. ఊరికే వదిలేసేవాళ్ల గురించే అన్నాను.

లలిత_గుంటూరు:
రవి గారూ, రెండు రోజులుగా చదువుతున్నాను. ఊరికే వదిలేసినవాళ్లంటే మీ పోస్టులో ఉన్నది ఒక్కరే, మీ ఆవిడ. ఆవిడ ఏ రోజున ఆపేశారో చెప్పగలరా?

రవి_కేపీహెచ్‌బీ:
మూడో వారంలో అని రాశాను కదండీ.

లలిత_గుంటూరు:
తేదీ అడుగుతున్నాను. బాబుకి జ్వరం ఎప్పుడొచ్చింది?

నేను టీచర్‌ని. 6:40కి ఇంట్లోంచి బయటపడాలి. మా వారు ఐదున్నర నుంచి ఆరున్నర దాకా గది తలుపేసుకుని వ్యాయామం చేస్తారు, పదేళ్లుగా. మంచి మనిషే, ఏదీ తప్పు పట్టను. ఆ గంటలో రెండు కుక్కర్లు దిగుతాయి, మూడు బాక్సులు కడతాను, మామగారికి టిఫిన్, మందులు. పోయినేడాది నేనూ ఒక వీడియో పెట్టుకున్నాను, 25 నిమిషాలది. 12 రోజులు చేశాను. రోజూ వీడియో మధ్యలో మూడు నాలుగుసార్లు పాజ్ చేసేదాన్ని. "నా చొక్కా ఏదీ", "పాలు పొంగుతున్నాయి", "అమ్మా డైరీలో సంతకం". 25 నిమిషాల వీడియోకి 50 నిమిషాలు పట్టేది. ఆపేసినరోజు మా ఇంట్లోనూ అదే మాట అన్నారు, నీకు పట్టుదల లేదని.

రవి_కేపీహెచ్‌బీ:
లలిత గారూ, మా ఇంట్లో అలా ఉండదు. మేమిద్దరం కలిసే చేసేవాళ్లం, ఒకే టైముకి. బాబు ఏడింటికి లేస్తాడు. నేను తనని ఏ రోజూ ఆపలేదు, రమ్మనే పిలిచాను.

లలిత_గుంటూరు:
పిలిచారు, కాదనను. తేదీ చెప్పండి.

మోడరేటర్:
కాస్త నిదానం. ఇంటి విషయాలు చెప్పాలా వద్దా అన్నది రవి గారి ఇష్టం.

రవి_కేపీహెచ్‌బీ:
ఇప్పుడే చూశాను. ఫ్రిజ్ పక్కన క్యాలెండర్ ఇంకా అలాగే అంటించి ఉంది. నావి నీలం గీతలు, తనవి ఎర్ర గీతలు. 16వ తేదీ దాకా రెండూ పక్కపక్కనే ఉన్నాయి. 17 నుంచి 20 దాకా రెండూ లేవు. బాబు జ్వరం. 21న నా నీలం గీత మళ్లీ మొదలైంది. ఎర్రది లేదు.

ఆ నాలుగు రోజులూ రాత్రుళ్లు తడిగుడ్డ వేస్తూ కూర్చున్నది తనే. జ్వరం తగ్గాక కూడా వాడు ఇంకో వారం అర్ధరాత్రి లేచి ఏడ్చేవాడు. నాకు పొద్దున లేవాలని నేను హాల్లో పడుకున్నాను. అది అప్పుడు చాలా సహజంగా అనిపించింది. తనూ ఏమీ అనలేదు.

హనుమకొండ_శ్రీను:
మీ 14లో ఆ 4 ఉన్నాయి. మీకు అవి విరామం.

లలిత_గుంటూరు:
శ్రీను గారూ, చాలు. ఆయనే చూసుకున్నారు.

కింది_ఫ్లాట్:
మ్యాట్ కింద మందం రబ్బరు షీట్ వేస్తే శబ్దం తగ్గుతుందని ఎవరో చెప్పారు. నిజమేనా?

వైజాగ్_ఫిజియో:
కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. గెంతే బదులు ఒక్కో కాలు పక్కకి వేస్తూ అదే వేగంతో చేయొచ్చు. పల్స్ బాగానే పెరుగుతుంది, నేల అదరదు, మడమకీ మంచిది.

రవి_కేపీహెచ్‌బీ:
టైటిల్ ఎడిట్ చేసే గడువు దాటిపోయింది, ఇక్కడ రాస్తున్నాను. 74 రోజులు. శ్రీను గారూ, మీరన్నది సరైనదే, ఆ గ్యాప్ రాయాల్సింది. ఫలితం అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. పల్స్ 68, అది కష్టపడితేనే వచ్చింది.

నిన్న రాత్రి మా ఆవిడకి ఈ చర్చంతా చూపించాను. మళ్లీ మొదలుపెడతావా, బాబుని నేను చూసుకుంటాను అన్నాను. "ఆ వీడియో నాకొద్దు. పొద్దున ఆరు నుంచి ఏడు దాకా నన్నెవరూ పిలవొద్దు, నిద్రపోతానో నడుస్తానో నా ఇష్టం" అంది.

లలిత_గుంటూరు:
బాక్సులు?

రవి_కేపీహెచ్‌బీ:
నేనే. రేపటికి ఉప్మా, బాబుకి పెరుగన్నం. వర్కౌట్ సాయంత్రానికి మార్చాను, కింద వాళ్లని కూడా అడగాలి ఏ టైము పర్లేదో.

హనుమకొండ_శ్రీను:
షూస్ మార్చుకోండి. 74 రోజులు గెంతితే లోపల మెత్తదనం పోయి ఉంటుంది. మడమ దగ్గర బొటనవేలితో నొక్కి చూడండి.