ఫ్రాన్స్ కాలువల్లో బోటు మీదే కాపురం: సోన్ నది నుంచి కెనాల్ దు మిది దాకా 90 రోజుల్లో అవుతుందా?

బందరురోడ్డు:
నమస్కారమండీ. మాది విజయవాడ. నేనూ మా ఆవిడా వచ్చే మే నుంచి జులై దాకా ఫ్రాన్స్ కాలువల్లో బోటు మీదే ఉండాలనుకుంటున్నాం. వంటా పడకా అన్నీ అందులోనే. బుర్గోన్ ప్రాంతంలో సోన్ నది ఒడ్డున ఉన్న సాన్ జాన్ ద లోన్ దగ్గర డచ్చివాళ్లు కట్టిన పాత స్టీలు బోటు ఒకటి అమ్మకానికి ఉంది. పొడవు 11.5 మీటర్లు, నీళ్లలో మునిగే భాగం 1.15, నీటి మీద ఎత్తు 2.95, డీజిల్ ఇంజను. దాన్ని కొని సోన్ మీద లియోన్ దాకా, అక్కణ్ణుంచి రోన్ నది దిగి, సెట్ అనే రేవు ఊరి వైపు కాలువలో వెళ్లి, కెనాల్ దు మిది ఎక్కి తులూజ్ చేరాలని ఆలోచన. ఈ కొలతలు సరిపోతాయా? లైసెన్సు కావాలా? వీసా 90 రోజులు చాలుతుందా? మా ఆవిడ ప్రశ్న వేరే: ఇండక్షన్ పొయ్యి, కుక్కరు, మిక్సీ అక్కడి కరెంటుకి ఆడతాయా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

కొమ్మమూరు:
బందరురోడ్డు గారూ, దూరం గురించి బెంగ వద్దు. సాన్ జాన్ ద లోన్ నుంచి లియోన్ సుమారు 215 కిలోమీటర్లు, మధ్యలో 5 పెద్ద లాకులే (బోటుని ఒక నీటిమట్టం నుంచి ఇంకోదానికి ఎత్తే, దించే గదులు). లియోన్ నుంచి సముద్రం దాకా రోన్ మీద 12 లాకులు. కెనాల్ దు మిది 240 కిలోమీటర్లు, 63 చోట్ల లాకులు. నదుల మీద రోజుకి 50 కిలోమీటర్లు తేలిగ్గా పోవచ్చు. కాలువలో మాత్రం వేగ పరిమితి చాలాచోట్ల గంటకి 6, మిది మీద 8. ఒక్కో లాకుకి 15 నుంచి 20 నిమిషాలు వేసుకోండి. అంటే రోజుకి 20 కిలోమీటర్లు, ఏడెనిమిది లాకులు. అది దాటితే ఇద్దరూ అలిసిపోతారు. మొత్తం దారికి ఐదారు వారాలు పెట్టుకున్నా తీరిగ్గా అవుతుంది.

చిక్కు వేరేచోట ఉంది. ఒకటి, మామూలు షెంగెన్ వీసా (ఫ్రాన్స్‌తో సహా చాలా యూరప్ దేశాలకి ఉమ్మడిది) మీద ఏ 180 రోజులు లెక్కేసినా 90 రోజులే ఉండనిస్తారు. దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ లెక్కలోకే వస్తాయి. జులై చివర్లో వెనక్కి వచ్చేస్తే బోటు తులూజ్‌లో ఉంటుంది, మీరు విజయవాడలో ఉంటారు. రేవు అద్దె, బీమా, చలికాలం కాపలా ఏడాది పొడుగునా నడుస్తూనే ఉంటాయి. ఏటా మూడు నెలల కోసం బోటు కొనడం నా దృష్టిలో దండగ. ఎక్కువ కాలం ఉండాలనుకుంటే లాంగ్ స్టే విజిటర్ వీసాకి హైదరాబాద్‌లో దరఖాస్తు పెట్టుకోండి. ఆదాయం, ఆరోగ్య బీమా, బస ఇవన్నీ చూపించాలి. అక్కడ ఉద్యోగం చేయనని రాసివ్వాలి. రెసిడెన్సు పర్మిట్‌గా చెల్లే రకం ఇస్తే, దిగిన 3 నెలల్లోపు ఆన్‌లైన్‌లో వాలిడేట్ చేయించుకోవాలి.

రెండు, లైసెన్సు. అద్దె బోటుకి అక్కర్లేదు. కంపెనీవాళ్లే గంటా గంటన్నర నేర్పించి తాత్కాలిక కార్డు ఇస్తారు. సొంత బోటు ఫ్రెంచి జెండా కింద ఉండి ఇంజను 6 హార్స్‌పవర్ దాటితే ఫ్రెంచి పర్మిట్ కావాలి. 40 ప్రశ్నలు, 5 తప్పుల దాకా ఒప్పుకుంటారు, పరీక్ష ఫ్రెంచిలోనే. ఆపైన గుర్తింపు ఉన్న స్కూల్లో ప్రాక్టికల్. మన సరంగు సర్టిఫికెట్ అక్కడ చెల్లదు. ఇంకోటి, అద్దె బోట్లని రోన్ మీదకి వదలరు. కాబట్టి మీరు గీసుకున్న దారి మొత్తం అద్దె బోటుతో కాదు.

నా సలహా: మొదటి ఏడు రెండు వారాలు మిది మీద అద్దె బోటు తీసుకోండి. సీజన్‌ని బట్టి వారానికి 1,500 నుంచి 3,000 యూరోల మధ్య పడుతుంది. ఆ తర్వాత కొనే మాట ఆలోచించండి.

పటమటలంక:
కొలతల సంగతి నేను చెబుతాను. 1.15 లోతు మంచిదే. ఫ్రాన్స్‌లో చాలా కాలువలు 1879 నాటి ఫ్రేసినె చట్టం కొలతలకి కట్టినవి. లాకు 38.5 మీటర్ల పొడవు, 5.2 వెడల్పు, కాగితం మీద 1.8 మీటర్ల లోతు బోట్లకి చోటు. మిది అంతకంటే రెండొందల ఏళ్లు పాతది. పియెర్ పోల్ రికె 1666లో మొదలెట్టింది, 1681లో పూర్తయింది. దాని లాకులు 30 మీటర్లకి ఇటూ అటూ, గోడలు గుండ్రంగా బయటికి ఉబ్బి ఉంటాయి. లోతు కూడా తక్కువ, ఎండాకాలం చివర్లో ఇంకా తగ్గుతుంది. 1.15 ఉన్న బోటుకి ఇబ్బంది లేదు, 1.4 ఉన్నదానికి గట్టు పక్కన కట్టేటప్పుడు అడుగు తగులుతుంది.

ఎత్తు 2.95 దగ్గరే ఆగి ఆలోచించండి. మిది వంతెనలు కమాను ఆకారంలో ఉంటాయి. నడిమధ్యలో 3.3 మీటర్లు ఉన్నా, అంచుల్లో 2.4కి పడిపోతుంది. మీ కేబిన్ పైభాగం వెడల్పుగా ఉంటే ఎత్తు సరిపోయినా మూలలు రాతికి గీసుకుంటాయి. నీటిమట్టం నుంచి కేబిన్ పైమూల దాకా ఎత్తు, అక్కడ వెడల్పు, ఈ రెండూ టేపుతో కొలిచి రాసుకోండి. అమ్మేవాడు చెప్పే ఒక్క అంకె చాలదు. ఎప్పటికైనా నివెర్నె కాలువకి వెళ్లాలనిపిస్తే అక్కడ కొంత భాగంలో 2.7 దగ్గరే హద్దు. మీ బోటు పట్టదు, పైకప్పు మడిచే వీలుంటే తప్ప.

ఇక లాకులో ఏం చేయాలి. దుగ్గిరాల లాకులు చూసినవాళ్లకి సూత్రం కొత్తేం కాదు: రెండు తలుపుల మధ్య గది, నీళ్లు నిండితే బోటు లేస్తుంది, ఖాళీ చేస్తే దిగుతుంది. ప్రమాదం ఎక్కడుందంటే తాడులో, గడపలో.

ఎక్కేటప్పుడు: లాకుకి కొంచెం ముందే ఒకరు గట్టు మీద దిగి పైకి నడిచి వెళ్లాలి. లోపలికి వచ్చాక కింద నుంచి తాళ్లు పైకి విసిరితే అందుకుని గుంజకి చుట్టి, కొసని మళ్లీ బోటు మీదకి ఇవ్వాలి. తాడు పైన ముడేయకూడదు. ముందు తలుపుల్లోని చిన్న గేట్లు తెరవగానే నీళ్లు పెద్ద ఉరవడితో వచ్చి బోటు ముక్కుని పక్కకి నెడతాయి. గుండ్రటి గోడలున్న లాకులో ముక్కు తిరిగిందంటే వెనకభాగం ఎదురుగోడకి కొట్టుకుంటుంది. అందుకని ముందుతాడు పట్టినవాళ్లు బోటు లేచేకొద్దీ సందు లేకుండా లాక్కుంటూ ఉండాలి. చేతులకి గ్లవ్స్, 15 మీటర్ల తాళ్లు కనీసం నాలుగు, ఒక్కో పక్క నాలుగేసి ఫెండర్లు (బోటు గోడకి రాసుకోకుండా వేలాడదీసే మెత్తలు).

దిగేటప్పుడు రెండే సూత్రాలు. తాడు ఎక్కడా గట్టిగా కట్టకూడదు, బోటు దిగేకొద్దీ వదులుతూ ఉండాలి. బిగిసిందంటే బోటు గోడకి వేలాడుతుంది, తాడో గుంజో తెగుతుంది. కోసేయడానికి కత్తి చేతికందేచోట పెట్టుకోండి. రెండోది, వెనక తలుపుల కింద రాతి గడప ఒకటి నీళ్లలో దాగి ఉంటుంది. అది ఎందాకా ఉందో గోడ మీద గీత గీసి చూపిస్తారు. బోటు వెనకభాగం, చుక్కాని ఆ గీతకి ముందుకే ఉండాలి. నీళ్లు తగ్గాక వెనకభాగం గడప మీద కూర్చుంటే ముక్కు కిందకి వంగి బోటు మునిగిపోతుంది. అలా జరుగుతున్నట్టు కనబడిన మరుక్షణం లాకు ఆపరేటర్ని కేకేసి నీళ్లు ఆపించాలి. ఆటోమేటిక్ లాకులైతే గోడ పక్కన రెండు కడ్డీలుంటాయి. నీలం పైకెత్తితే లాకు పని మొదలవుతుంది, ఎర్రది అత్యవసరంగా ఆపడానికి. ఎర్ర కడ్డీ వాడితే లాకు ఆగిపోయి సిబ్బంది వచ్చేదాకా కదలదు. అయినా సందేహించకండి.

బెజియె దగ్గర ఫోన్‌సెరాన్‌లో లాకులు మెట్లలా ఒకదాని మీద ఒకటి ఉంటాయి, 21 మీటర్ల పైన ఎక్కాలి. ఎక్కేవాళ్లకీ దిగేవాళ్లకీ వేళలు వేరు, ముందురోజే కనుక్కోండి.

బందరురోడ్డు:
చాలా మంచి వివరాలండీ. రోన్ సంగతి కొంచెం చెప్పండి, అద్దె బోట్లని ఎందుకు వదలరు? వంటగది గురించి కూడా ఎవరైనా చెబితే మా ఆవిడకి చూపిస్తాను.

కొమ్మమూరు:
రోన్ ఇప్పుడు ఆనకట్టలతో మెట్లు మెట్లుగా ఉన్నా పెద్ద నదే. ఆల్ప్స్ మంచు కరిగే రోజుల్లో, వానల తర్వాత ప్రవాహం బాగా పెరుగుతుంది. దిగడానికి సులువు, తిరిగి ఎక్కాలంటే మాత్రం నిలకడగా గంటకి 10 కిలోమీటర్లు పైన పోగల ఇంజను కావాలి. అందుకే అది ఒకవైపు దారి అనుకుని బయల్దేరండి. 2024 సెప్టెంబరు వరదలో కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్లని గుద్దడం మనం చూశాం కదా, నీళ్లు పెరుగుతున్నప్పుడు బోటుని నదిలో ఉంచకూడదు. ఫ్రాన్స్ కాలువల్ని చూసుకునే ప్రభుత్వ సంస్థ వి.ఎన్.ఎఫ్. వాళ్ల నోటీసులు రోజూ చూడండి, వరద హెచ్చరిక ఉంటే రేవులోనే ఆగిపోండి.

అక్కడి లాకులు 12 మీటర్ల వెడల్పు, 190 మీటర్ల పైన పొడవు. బొల్లెన్ లాకు 22 మీటర్ల పైన దించుతుంది. గోడలో గుంజలు నీటితోపాటే తేలుతూ కదులుతాయి, తాడు దానికే వేయాలి. లైఫ్ జాకెట్ తప్పనిసరి. సరుకు ఓడలకీ హోటల్ ఓడలకీ ముందు దారి. లాకుతో మాట్లాడటానికి వి.హెచ్.ఎఫ్. రేడియో కావాలి. అందులో ఏటిస్ (మాట్లాడినప్పుడల్లా బోటు గుర్తింపు సంకేతం దానంతటదే పంపే ఏర్పాటు) ఉండాలి, వాడటానికి సర్టిఫికెట్ కూడా ఉండాలి. ఆర్ల్‌కి ముందే కుడివైపు పెటీ రోన్ అనే పాయలోకి తిరిగి సాన్ జీల్ లాకు మీదుగా సెట్ కాలువలోకి వెళ్లాలి. బొకేర్ దగ్గరి పాత దారి మూసేసి చాలా ఏళ్లయింది, పాత మ్యాపులు నమ్మొద్దు.

అరండల్‌పేట:
అక్కగారికి నా తరఫున చెప్పండి: కరెంటు మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్. మిక్సీ, కుక్కరు, ఛార్జర్లు అన్నీ ఆడతాయి, ప్లగ్ అడాప్టరు చాలు. కానీ రేవులో ఎన్ని ఆంపియర్లు ఇస్తారన్నదే అసలు ప్రశ్న. చిన్న ఊళ్లలో ఒక్కో బోటుకి 6 ఆంపియర్లే. అంటే 1,380 వాట్లు. 2,000 వాట్ల ఇండక్షన్ పెట్టగానే ట్రిప్ అవుతుంది, రాత్రిపూట రీసెట్ చేసేవాళ్లు ఉండరు. ఇండక్షన్‌ని 1,000 వాట్ల దగ్గర పెట్టి, ఆ సమయంలో వేడినీళ్ల గీజరు, బ్యాటరీ ఛార్జరు ఆపేస్తే నడుస్తుంది. 750 వాట్ల మిక్సీ విడిగా వేసుకోండి. రేవు లేనిచోట గట్టుకి కట్టినప్పుడు ఇవేవీ ఉండవు కాబట్టి ప్రధాన వంట గ్యాసు మీదే.

గ్యాసులో రెండు రకాలు. బ్యూటేన్ రెగ్యులేటరు 28 మిల్లీబార్లు, ప్రొపేన్‌ది 37. పొయ్యికి ఏది రాసి ఉందో చూసి కొనండి, ఇక్కణ్ణుంచి రెగ్యులేటరు, పైపు మోసుకెళ్లొద్దు. చలి సున్నా దగ్గరకి వస్తే బ్యూటేన్ ఆవిరవదు, మంట రాదు. మే జులైలలో ఆ బాధ లేదు. గ్యాసు గాలికంటే బరువు, లీకయితే బోటు అడుగున చేరి అక్కడే ఉంటుంది. సిలిండరు పెట్టె కింద బయటికి పోయే రంధ్రం మూసుకుపోకుండా చూసుకోండి, ప్రతి రాత్రీ సిలిండరు దగ్గరే వాల్వు కట్టేయండి.

సామాన్ల విషయం: నెయ్యి, పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి లగేజీలో తీసుకెళ్లకూడదు. పచ్చి కరివేపాకు కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరదు. ఆవకాయ, కారప్పొడులు, ఎండు కరివేపాకు పొడి, చింతపండు, కందిపప్పు తీసుకెళ్లొచ్చు. పప్పు, బియ్యం పారిస్‌లో లా షాపెల్ వీధుల్లోని దుకాణాల్లో దొరుకుతాయి. లియోన్‌లో గియోతియేర్ వైపు చూడండి. కాలువ పక్క పల్లెల్లో దొరకవు, సంచీడు నింపుకునే బయల్దేరండి.

నీళ్లు మనిషికి రోజుకి 40 లీటర్లు వేసుకుంటే 400 లీటర్ల ట్యాంకు ఇద్దరికి ఐదు రోజులు. అన్నం కడిగిన నీళ్లు, గిన్నెల నూనె నేరుగా కాలువలోకే పోతాయని గుర్తుంచుకుని, జిడ్డు ముందు కాగితంతో తుడిచేయండి.

పటమటలంక:
కొనాలనే నిశ్చయమైతే సంతకానికి ముందు బోటుని నీళ్లలోంచి పైకెత్తించి సర్వే చేయించండి. అల్ట్రాసౌండ్‌తో రేకు మందం కొలుస్తారు. చాలా బీమా కంపెనీలు 4 మిల్లీమీటర్లు కనీసం అడుగుతాయి. నీటిగీత దగ్గర, లోపలి వైపు మురికినీళ్లు నిలిచే అడుగున పలచబడుతుంది, అక్కడ ఎక్కువ చోట్ల కొలవమనండి. మంచినీళ్లలో మెగ్నీషియం ఆనోడ్లు (స్టీలు బదులు తాము అరిగిపోయే లోహపు దిమ్మలు) ఉండాలి. జింకువైతే పైన పొర కట్టి పని చేయవు. రేవు కరెంటుకి గాల్వానిక్ ఐసోలేటరు (ఎర్తు తీగ గుండా వచ్చే చిన్న కరెంటుని ఆపేది) లేకపోతే, పక్క బోటుతో కలిసి పారే ఆ కరెంటు మీ స్టీలుని తినేస్తుంది.

ఇంజను షాఫ్టు బయటికి వెళ్లేచోట నీళ్లు లోపలికి రాకుండా ఆపే గ్లాండ్ ప్యాకింగ్ ఉంటుంది, మన పంపుసెట్టు గ్లాండ్ ఎలాంటిదో ఇదీ అలాంటిదే. తిరుగుతున్నప్పుడు నిమిషానికి నాలుగైదు చుక్కలు పడాలి. అస్సలు పడకపోతే బిగింపు ఎక్కువై షాఫ్టు కాలుతుంది.

ఎండాకాలంలో కాలువల్లో నాచు, నీటిమొక్కలు విపరీతం. ఇంజను చల్లబరిచే నీళ్లు బయటినుంచి తీసుకునే రకమైతే ఫిల్టరు రోజూ చూడండి. పొగగొట్టం నుంచి నీళ్లు తగ్గినా, వేడి ముల్లు పైకి పోయినా వెంటనే ఇంజను ఆపి, సీకాక్ (బయటి నీళ్లు వచ్చే వాల్వు) కట్టేసి, ఫిల్టరు మూత విప్పి గడ్డి తీసేయాలి. మూత బిగించి, సీకాక్ తెరిచాకే స్టార్టు చేయాలి, లేకపోతే పంపులోని రబ్బరు ఇంపెల్లరు ఎండిపోయి నిమిషాల్లో ముక్కలవుతుంది. స్పేరువి రెండు పెట్టుకోండి. రెక్క విరిగితే ఆ ముక్క హీట్ ఎక్స్ఛేంజరులో ఇరుక్కుని ఉంటుంది, దాన్ని వెతికి తీయకుండా కొత్తది వేసినా మళ్లీ వేడెక్కుతుంది.

డీజిల్ విషయం ఒకటి. వ్యవసాయానికిచ్చే తక్కువ పన్ను డీజిల్ విహార బోట్లకి వాడకూడదు, మామూలుదే పోయించుకోవాలి. కాలువ ఒడ్డున బంకులు తక్కువ, 20 లీటర్ల క్యాన్లు రెండు, వాటిని లాగే చిన్న ట్రాలీ ఉంచుకోండి. గంటకి రెండు నుంచి నాలుగు లీటర్లు తాగుతుంది.

కొమ్మమూరు:
పటమటలంక గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. మిది మీద చెట్లకి తాడు కట్టకూడదు. అక్కడి ప్లేన్ చెట్లకి ఫంగస్ తెగులు వచ్చింది, 2006 నుంచి వేల చెట్లు కొట్టేశారు. తెగులు తాళ్ల రాపిడితో, బోట్లతో కూడా అంటుకుంటుంది. ఇనుప మేకులు రెండు, సుత్తి పెట్టుకుని గట్టులో దిగేయండి. పక్కనుంచి బోటు పోయినప్పుడు నీళ్లు లాగుతాయి కాబట్టి మేకులు బోటుకి ముందూ వెనకా కాస్త దూరంగా, తాళ్లు ఏటవాలుగా ఉండాలి. నడకదారికి అడ్డంగా తాడు పడనీయకండి, సైకిళ్లు పోతాయి.

సెట్ దాటాక ఎతాన్ ద తో అనే సరస్సు 18 కిలోమీటర్లు దాటాలి. లోతు తక్కువ, గాలి లేస్తే అలలు పొట్టిగా, నిటారుగా లేచి చదునైన అడుగున్న బోటుని అల్లాడిస్తాయి. పొద్దున్నే బయల్దేరండి. వాతావరణ సూచనలో గాలి బోఫోర్ట్ కొలతలో 4వ స్థాయి చూపిస్తే ఆ రోజు వద్దు. ఆయిస్టర్ల పెంపకం కర్రల వరుసలు ఉత్తరం వైపు ఉంటాయి, వాటిలోకి పోకుండా నీటి మీద తేలే గుర్తులు (బోయలు) చూపించే దారిలోనే నడపండి. అవతలి ఒడ్డున మార్సెయ్యాన్ దగ్గర లైట్‌హౌస్ పక్క నుంచే కాలువలోకి దారి.