దిద్దిన జవాబు పత్రం మీద ఏమి రాస్తే విద్యార్థికి పనికొస్తుంది?

ప్రశ్న (అర్థశాస్త్ర అధ్యాపకురాలు, డిగ్రీ కళాశాల):
నా తరగతిలో 60 మంది ఉన్నారు. మొదటి మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష) పత్రాలన్నిటి మీదా ఎర్ర సిరాతో వ్యాఖ్యలు రాసి ఇచ్చాను. పంచగానే అందరూ తమ మార్కులు, ఆపై పక్కవారి మార్కులు చూసుకున్నారు. కూడికలో అర మార్కు తగ్గిందని ఇద్దరు వచ్చారు గానీ, వ్యాఖ్య గురించి ఒక్కరూ అడగలేదు. రెండో మిడ్‌లో మళ్ళీ అవే తప్పులు. లోపం ఎక్కడుందో అనుభవజ్ఞులు చెప్పగలరా?

జవాబు (విశ్రాంత ఆచార్యుడు):
అమ్మా, మార్కూ వ్యాఖ్యా ఒకేసారి చేతికందితే కన్ను మార్కు దగ్గరే ఆగిపోతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన పరిశోధనలో, వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న ఇజ్రాయెల్ బడిపిల్లలు తరువాతి పనిలో మెరుగుపడ్డారు. వ్యాఖ్యలతో పాటు మార్కులూ అందుకున్నవారికి ఆ ప్రయోజనం దక్కలేదు. వాళ్ళు ఐదారు తరగతుల పిల్లలు కనుక డిగ్రీవారికి యథాతథంగా వర్తిస్తుందనను గానీ, నేను మాత్రం పత్రాలు ముందు పంచి, మార్కులు వారం తరువాత చెప్పేవాణ్ణి. ఇంతకీ మీరు రాసిన వ్యాఖ్య ఏమిటి? "ఇంకా వివరంగా రాయాలి" అనే అయితే, దేన్ని వివరించాలో తెలిసినవాడు మొదటే రాసి ఉండేవాడు కదా! ద్రవ్యోల్బణం జవాబు మీద, "నిర్వచనం సరిగ్గానే ఉంది, గిరాకీ పెరిగి సరఫరా పెరగకపోతే ధర ఎందుకు పెరుగుతుందో చెప్పకుండా దాటేశావు, ఆ రెండు వాక్యాలు రాసి చూపించు" అని రాసి చూడండి.

జవాబు (వాణిజ్యశాస్త్ర అధ్యాపకుడు):
ఆచార్యులవారి మాట నిజమే గానీ, 60 పత్రాల మీద అంత రాయడం అయ్యే పని కాదు. తరచూ వచ్చే తప్పులకు అంకెలు వేసి, మార్జిన్‌లో ఆ అంకె మాత్రమే రాస్తాను. వాటి వివరణ బోర్డు మీద ఉంటుంది. ఆ గంటలోనే ఒక్కొక్కరూ ఒక జవాబు తిరగరాయాలి. సిలబస్ వెనుకబడుతుందని గొణిగేవారిని గొణగనివ్వండి.

జవాబు (పీజీ విద్యార్థిని):
దిద్దిన జవాబు పత్రాన్ని చూసే హక్కు సమాచార హక్కు చట్టం కింద విద్యార్థికి ఉందని సుప్రీంకోర్టు 2011 ఆగస్టు 9న తీర్పునిచ్చింది. నేను సెమిస్టర్ చివరి పరీక్ష పత్రానికి దరఖాస్తు చేసి నకలు తెచ్చుకునేసరికి తరువాతి సెమిస్టర్ సగం గడిచింది, పైగా అందులో అంకెలు తప్ప ఒక్క మాటా లేదు. కాబట్టి మాకు మిగిలేది మిడ్ పత్రమే. అది రెండో మిడ్‌కు కనీసం పది రోజుల ముందు ఇవ్వండి మేడమ్.

ప్రశ్న అడిగినవారు:
పత్రాలు మళ్ళీ తీసి చూశాను. 41 పత్రాల మీద "వివరంగా రాయాలి" అనే ఉంది.