అత్తకి తాయ్ చీ చేయించొచ్చా? (విజయనగరం)

కంటోన్మెంట్ కోడలు:
మా అత్తకి 74. సంక్రాంతి ముందు పెరట్లో తాడు మీద చీర ఆరేసి వెనక్కి తిరిగింది, అంతే, పడిపోయింది. మణికట్టు విరిగింది. కట్టు విప్పి రెండు నెలలైంది. చెయ్యి బాగానే ఉంది గానీ నడకకే ధైర్యం పోయింది. గోడ పట్టుకోకుండా అడుగు వెయ్యదు. మంచం దగ్గర్నుంచి బాత్రూమ్ దాకా సున్నం మీద ఆవిడ చేతి జిడ్డు ఒకటే గీతలా పడిపోయింది. ఫిజియో గారేమో "తాయ్ చీ మొదలుపెట్టించండి" అన్నారు. అది కరాటే లాంటిదా? అత్తకి చెప్తే "ఏటే, ఈ వయసులో నాసేత కుస్తీలు పట్టిస్తావా" అని నవ్వేసింది. మోకాళ్లు కూడా అరిగిపోయాయి. చేయించొచ్చా? ఇక్కడెవరైనా నేర్పుతారా?

నాగావళి డ్రిల్లు మాస్టారు:
అమ్మా, నాది శ్రీకాకుళం, 71 ఏళ్లు. ఉద్యోగమంతా పిల్లల మీద "లెఫ్ట్ రైట్" అని అరుస్తూ గడిపాను. అలాంటివాణ్ణి రెండేళ్ల కిందట అరసవల్లిలో మెట్టు దిగుతూ తూలి, ముందున్న పెద్దాయన మీద పడ్డాను. సిగ్గేసింది. ఆ ఏడే మా అబ్బాయి దగ్గరికి సింగపూర్ వెళ్తే, తెల్లారేసరికి ఫ్లాట్ల కింద ముసలాళ్లు దీన్నే చేస్తున్నారు. పక్కన నిలబడి నేర్చుకున్నాను.

మీ అత్తగారన్నది తప్పేం కాదు. తాయ్ చీ అంటే నెమ్మదిగా కదిలే చైనా వ్యాయామం. పుట్టుక యుద్ధ విద్యే, అక్కడి హెనాన్ రాష్ట్రంలో చెన్ అనే ఇంటిపేరు వాళ్ల ఊళ్లో. 1956లో చైనా ప్రభుత్వం దాన్ని కుదించి, జనమంతా చేసుకునేలా 24 భంగిమలు చేసింది. మనకి అన్నీ అక్కర్లేదు.

అసలు కిటుకు ఒక్కటే. నిండు కాలు, ఖాళీ కాలు. మన వయసువాళ్లం చాలాసార్లు తూలేది బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మార్చే క్షణంలోనే. కుర్చీ వీపు పట్టుకుని, మోకాళ్లు కాస్త సడలించి నిలబడమనండి. ఒక బిందెలో నీళ్లు ఇంకో బిందెలోకి ఒంపినట్టు బరువంతా మెల్లగా కుడికాల్లోకి దింపాలి. ఎడమకాలు పూర్తిగా ఖాళీ అయ్యాకే మడమ లేవాలి. ఆ కాలు ముందుకి వేసినప్పుడు మొదట మడమే ఆనాలి, బరువింకా వెయ్యకూడదు. అది కుదురుగా ఆనాకే ఒంపడం. మోకాలు కాలివేళ్లని దాటకూడదు, బరువున్న కాలిని మెలితిప్పకూడదు.

చూడ్డానికి ఇదేం కష్టం అనిపిస్తుంది. మొదటి రోజు నా పిక్కలు గడగడా వణికాయి. పరుగు పెట్టమంటే పెట్టేవాణ్ణి, ఇంత నెమ్మదిగా కదలడం నావల్ల కాలేదు.

బొబ్బిలి బాబాయ్:
మన యోగా ఉండగా చైనా సరుకెందుకండీ? ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనం వేయిస్తే చాలదా?

నాగావళి డ్రిల్లు మాస్టారు:
వేయించండి బాబూ, మంచిదే. కానీ ఆవిడ నిలబడి పడలేదు, తిరుగుతూ పడింది.

ఫిజియో, విజయనగరం:
మాస్టారు చెప్పింది సరిగ్గా పాయింటు. అమెరికాలోని ఒరెగాన్‌లో 70 దాటిన 670 మంది మీద జరిగిన అధ్యయనం 2018లో వచ్చింది. వాళ్లంతా అంతకుముందు పడ్డవాళ్లో, పడే ప్రమాదం ఉన్నవాళ్లో. వారానికి రెండుసార్లు, గంట చొప్పున, 24 వారాలు. ఒళ్లు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవాళ్లకంటే తాయ్ చీ వాళ్లలో పడిపోవడాలు 58 శాతం తగ్గాయి. బలం, బ్యాలెన్సు, నడక అన్నీ కలిపి చేసినవాళ్లతో పోల్చినా 31 శాతం తక్కువే. అంటే వారం రోజులు చేసి "ఏం మారలేదు" అనకండి.

ఒక్కమాట. లేవగానే కళ్లు తిరుగుతున్నాయేమో అడగండి, బీపీ మాత్రల వల్ల కూడా అవుతుంది. అలాగైతే ముందు డాక్టరుకి చూపించండి. ఎముకల పరీక్ష కూడా చేయించండి, ఒక్కసారి పడితేనే మణికట్టు విరిగింది కదా. హవాయి చెప్పులతో మాత్రం చేయించొద్దు. నేర్పేవాళ్లు దొరికేదాకా ఈ బరువు మార్చడం ఒక్కటే రోజూ పది నిమిషాలు, మీరు పక్కనుండి చేయించండి.

కంటోన్మెంట్ కోడలు:
మాస్టారూ, నాలుగు రోజులైంది. పొద్దున్నే కాఫీ తాగేసి తనే కుర్చీ లాక్కుంటోంది. "ఖాళీ అయినావేటి?" అని కాలినే అడిగి అప్పుడు ఎత్తుతోంది. కాకపోతే మాది ప్లాస్టిక్ కుర్చీ, ఆవిడ ఆనుకుంటే జరిగిపోతోంది.

నాగావళి డ్రిల్లు మాస్టారు:
అయ్యో, అది ఇప్పుడే తీసెయ్యమ్మా! కిటికీ ఊచ పట్టుకోమను.