వేరే డిపార్ట్‌మెంట్ వాళ్లతో రీసెర్చ్ ప్రాజెక్టులో చేరాను, అయిదు వారాలైనా దారి దొరకడం లేదు. చేసినవాళ్లు మీ అనుభవం చెప్పండి

లెక్కల_అమ్మాయి (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నేను ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ డిగ్రీ మూడో ఏడాది చదువుతున్నాను. ఈసారి ప్రాజెక్టుల్లో రెండు మూడు డిపార్ట్‌మెంట్ల అధ్యాపకుల్నీ విద్యార్థుల్నీ కలిపి వేశారు. నాకు తాగునీటి ప్రాజెక్టు వచ్చింది. కెమిస్ట్రీ మేడమ్, సోషియాలజీ సార్, వాళ్ల దగ్గర చెరొక పీహెచ్‌డీ స్కాలర్, నేను. నీళ్లలో ఏమున్నాయో కెమిస్ట్రీ వాళ్లు చూస్తారు. ఆ నీళ్లను ఇళ్లలో ఎలా పట్టుకుంటున్నారు, ఎలా నిల్వ చేస్తున్నారు అన్నది సోషియాలజీ వాళ్లు అడిగి తెలుసుకుంటారు. రెండూ కలిపి లెక్క తేల్చడం నా పని.

ఇప్పటికి మూడు మీటింగులయ్యాయి. ప్రతిసారీ బుద్ధిగా నోట్స్ రాసుకుంటాను. హాస్టల్‌కి వచ్చి చదువుకుంటే రేపు పొద్దున ఏం చెయ్యాలో అందులో ఉండదు. అందరూ తలలూపుతారు, నేనూ ఊపుతాను. అడిగితే ఈ అమ్మాయికి ఏమీ రాదనుకుంటారేమోనని టెన్షన్. ఇలాంటి ప్రాజెక్టులు చేసినవాళ్లు మొదటి రెండు నెలలు ఎలా నెట్టుకొచ్చారో చెప్పండి.

మట్టిపొట్లం

చెల్లీ, ముందు ఒక్క పని చెయ్యి. మీ ప్రాజెక్టులో 'శాంపిల్' అంటే ఏమిటని ఇద్దర్నీ విడివిడిగా అడుగు.

ఎందుకు చెబుతున్నానంటే, నేను సాయిల్ సైన్స్‌లో పీహెచ్‌డీ చేస్తూ వ్యవసాయ ఆర్థికశాస్త్రం వాళ్లతో కలిసి పనిచేశాను. 60 మంది రైతులు, ఒక్కొక్కరికి మూడేసి మళ్లు. నా లెక్కలో శాంపిల్ అంటే మట్టి పొట్లం. ఒక మడిలో ఎనిమిది పది చోట్ల వి ఆకారంలో గుంట తీసి, అంచున మట్టి చెక్కి, అంతా గుడ్డ మీద పోసి కలుపుతాం. ఆ కుప్పను నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు రెండు పారేస్తాం. మిగిలింది మళ్లీ కలిపి మళ్లీ నాలుగు. అరకిలో మిగిలేదాకా అదే పని. అప్పుడు అది ఒక శాంపిల్. అలా 180 పొట్లాలు కట్టాను. ఆర్థికశాస్త్రం వాళ్లకు శాంపిల్ అంటే రైతు. వాళ్ల ఫైల్లో 60 వరసలు, నా ఫైల్లో 180.

ఈ తేడా ఎనిమిది నెలల తర్వాత, రెండు ఫైళ్లు కలపబోయిన రోజున బయటపడింది. కలపడానికి మధ్యలో ఉమ్మడి నంబరేదీ లేదు. ఉన్నదల్లా రైతు పేరు. అదైనా వాళ్లు ఇంటిపేరు ముందు రాశారు, మేము చివర రాశాం, కొన్నిచోట్ల అసలు రాయలేదు. ఒకే పేరున్న రైతులు నలుగురు. ఆ పేర్లు సరిచూడటానికి 19 రోజులు కూర్చున్నాను. ఆ 19 రోజులు ఇప్పటికీ గుర్తొస్తాయి.

మీ దగ్గర కెమిస్ట్రీ మేడమ్‌కి శాంపిల్ అంటే సీసా, సోషియాలజీ సార్‌కి ఇల్లు అయి ఉంటుంది. ఒకే ఇంట్లో కుళాయి దగ్గర ఒక సీసా, బిందెలోంచి ఒక సీసా తీస్తే మరి ఎన్ని శాంపిల్స్?

సగటు_మనిషి

పైన చెప్పింది లెక్కల వైపు నుంచి ఇంకా పెద్ద విషయం, ఆ అమ్మాయి స్టాటిస్టిక్స్ కాబట్టి చెబుతున్నాను. ఒకే రైతు మూడు మళ్లూ ఒకదాన్ని ఒకటి పోలి ఉంటాయి. ఎరువు ఒకటే, నీళ్లు ఒకటే, చెయ్యి ఒకటే. ఆ పోలికను 0 నుంచి 1 దాకా కొలిస్తే 0.5 ఉందనుకోండి. ఒక్కో రైతుకు మూడు మళ్లు కాబట్టి లెక్క ఇలా: 1 + (3 − 1) × 0.5, అంటే 2. 180ని ఆ 2తో భాగించాలి. సగటు కట్టే విషయంలో 180 పొట్లాలు మనకిచ్చే సమాచారం 90 వేర్వేరు పొట్లాలతో సమానం. అది చూసుకోకుండా 180 అని వేస్తే, లేని నమ్మకం ఉన్నట్టు చూపించినవాళ్లమవుతాం. మీ బిందె, కుళాయి సీసాలకూ ఇదే వర్తిస్తుంది. సేకరణ మొదలవ్వక ముందే ఇంటికో నంబరు, సీసాకో నంబరు పెట్టించండి. ఆ టీమ్‌లో ఈ మాట చెప్పగలిగింది మీరొక్కరే.

లెక్కల_అమ్మాయి

మట్టిపొట్లం అన్నా, ఇప్పుడే నోట్స్ తీసి చూశాను. మొదటి మీటింగులో '120 శాంపిల్స్' అని రాసుకున్నాను. దేనికి 120 అన్నది రాసుకోలేదు.

పాఠాల_మేష్టారు

నేను అధ్యాపకుణ్ణి. బల్లకు ఇటువైపు నుంచి కొంచెం చెబుతానమ్మా.

మీ మేడమ్, మీ సార్ కూడా ఆ మీటింగులో ఒకరి మాట ఒకరికి పూర్తిగా అర్థం కాకుండానే తల ఊపి ఉంటారు. నేనూ ఊపాను, చాలాసార్లు. సాటి అధ్యాపకుణ్ణి 'మీ సబ్జెక్టులో దీనికి అర్థమేమిటి' అని అడగడానికి మాకూ మొహమాటమే. విద్యార్థి అడిగితే ఆ గదిలో అందరికీ ఊపిరి ఆడుతుంది. మా ప్రాజెక్టులో ఎమ్మెస్సీ అమ్మాయి ఒకసారి అలా అడిగింది. ఆ సాయంత్రం మేం ఇద్దరు ప్రొఫెసర్లం మొదటిసారిగా ఒకరి పేపర్లు ఒకరం చదివాం.

రెండు డిపార్ట్‌మెంట్లు కలవడం వల్ల ఏమొస్తుందో చెప్పడానికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ కాలిఫోర్నియాలోని బర్క్‌లీ. అదీ ప్రభుత్వ యూనివర్సిటీయే. వాల్టర్ అల్వారెజ్ భూగర్భ శాస్త్రవేత్త. ఇటలీలో గుబ్బియో దగ్గర సున్నపురాయి పొరల మధ్య సన్నని బంకమట్టి పొర చూశాడు. దాని కింద డైనోసార్ల కాలం, పైన అవి లేని కాలం. ఆ పొర పేరుకోవడానికి ఎంత కాలం పట్టింది అన్నది ఆయన ప్రశ్న. ఆయన తండ్రి లూయీ అల్వారెజ్ భౌతిక శాస్త్రవేత్త. అంతరిక్షం నుంచి ధూళి కొంచెం కొంచెంగా రాలుతుంటుంది కాబట్టి, అందులో ఉండే ఇరిడియం అనే లోహం కొలిస్తే కాలం తెలుస్తుందన్నాడు. ఫ్రాంక్ అసారో, హెలెన్ మిషెల్ అనే రసాయన శాస్త్రవేత్తలు కొలిచారు. అనుకున్నదానికి ఎన్నో రెట్లు ఎక్కువ వచ్చింది. నెమ్మదిగా రాలిన ధూళితో అంత రాదు. సుమారు 10 కిలోమీటర్ల గ్రహశకలం భూమిని ఢీకొట్టిందని నలుగురూ కలిసి 1980లో ప్రచురించారు. రాళ్లు చదివే మనిషి ఒక్కడే ఉంటే ఇరిడియం సంగతి రాదు, కొలిచేవాళ్లు మాత్రమే ఉంటే ఆ పొర దగ్గరికి ఎవరూ వెళ్లరు.

అదే బర్క్‌లీలో కరోల్ గ్రైడర్ అనే విద్యార్థిని ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ దగ్గర పరిశోధనకు చేరి, తొలి ఏడాదిలోనే, 1984 క్రిస్మస్ రోజున, క్రోమోజోముల చివరలను పొడిగించే టెలోమరేజ్ అనే ఎంజైమ్ ఆనవాలు ఫిల్మ్ మీద చూసింది. 2009లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. విద్యార్థి చేతిలో కూడా అసలు పని ఉంటుందని చెప్పడానికి ఇది రాశాను, నిన్ను భయపెట్టడానికి కాదు.

ఇక పని మాట. ప్రొఫెసర్‌కి 'డౌట్స్ ఉన్నాయి, ఎప్పుడు రావాలి' అని మెయిల్ పెడితే జవాబు ఆలస్యమవుతుంది. 'గురువారం మూడింటికి 20 నిమిషాలు కావాలి, ఈ రెండు ప్రశ్నలకు' అని పెట్టు, ప్రశ్నలు అందులోనే రాయి. మేం క్లాసులు, పేపర్లు దిద్దడం, కమిటీలు వీటి మధ్య మెయిల్ చూస్తాం. రెండు ప్రశ్నలే అని కనిపిస్తే అక్కడికక్కడే జవాబిస్తాం.

ల్యాబ్_పుస్తకం

ప్రతి మీటింగ్ అయిన రోజు రాత్రే అయిదు లైన్లు రాసి అందరికీ పంపండి. ఏం అనుకున్నాం, ఎవరు చేస్తారు, ఎప్పటికి. 'నేను తప్పుగా అర్థం చేసుకుంటే సరిదిద్దండి' అని చివర రాయండి. మా టీమ్‌లో అందరికంటే చిన్నదాన్ని నేనే, ఆ మెయిల్ వల్ల నాలుగో వారం నుంచి అందరూ 'మొన్న ఏమనుకున్నాం' అని నన్నే అడిగేవారు.

ఇంకో మాట, ఎక్సెల్ జాగ్రత్త. జన్యువుల మీద పనిచేసేవాళ్లకు 'సెప్ట్2', 'మార్చ్1' అనే పేర్లున్న జన్యువులుండేవి. ఎక్సెల్ వాటిని సెప్టెంబర్ 2, మార్చి 1 అని తేదీలుగా మార్చేసేది. చివరికి 2020లో ఆ జన్యువుల పేర్లే మార్చాల్సి వచ్చింది. మీ సీసాల నంబర్లు 3-4, 5-12 లాగా పెడితే మీకూ అదే జరుగుతుంది. ముందొక అక్షరం పెట్టండి. ఒరిజినల్ ఫైల్ ఒకటి ఎవరూ ముట్టుకోకుండా దాచండి.

పాత_ఉత్తరాలు

నాది వేరే బాధ. హిస్టరీ ఎంఏలో ఉండగా కంప్యూటర్ సైన్స్ వాళ్లతో ఒక ప్రాజెక్టు. పాత చేతిరాత ఉత్తరాలు చదివి టైప్ చెయ్యడం నా పని, దాంతో వాళ్లు కంప్యూటర్‌కి చేతిరాత చదవడం నేర్పారు. ఒక్కో ఉత్తరం ఒక పూట పట్టేది. సిరా వెనక పేజీలోంచి ఇవతలికి దిగి, 'న'కీ 'స'కీ తేడా తెలిసేది కాదు. భూతద్దం పెట్టుకుని, అదే మనిషి రాసిన ఇంకో ఉత్తరంలో ఆ అక్షరం వెతికి పోల్చుకునేదాన్ని. 400 పైచిలుకు పేజీలు చేశాను. పేపర్ వచ్చింది, రచయితల్లో నా పేరు లేదు. చివర కృతజ్ఞతల్లో 'విద్యార్థుల సహకారం' అని ఉంది. అడిగితే, టైపింగ్‌కి పేరెలా ఇస్తామన్నారు. అది టైపింగ్ కాదు.

అందుకే మొదట్లోనే మాట్లాడుకోండి. ఎవరు ఏం చేశారో చెప్పడానికి ఇప్పుడు 'క్రెడిట్' అనే పద్ధతి ఉంది, అందులో 14 రకాల పాత్రలున్నాయి. డేటాను సరిచేసి సిద్ధం చెయ్యడం కూడా అందులో ఒకటి. చాలా జర్నల్స్ అడుగుతున్నాయి. ఆ 14 పేర్లు ముందు పెట్టుకుని 'ఇందులో నాది ఏది' అని అడగండి. అప్పుడు అది గొడవలా ఉండదు, ఫారం నింపినట్టు ఉంటుంది.

క్షయకు వాడే స్ట్రెప్టోమైసిన్ మందు సంగతి తెలిసే ఉంటుంది. 1943లో అమెరికాలోని రట్జర్స్ యూనివర్సిటీలో దాన్ని వేరుచేసిన ఆల్బర్ట్ షాట్జ్ విద్యార్థి. 1944లో వచ్చిన పేపర్లో మొదటి పేరు అతనిదే. అయినా సహ ఆవిష్కర్త అనిపించుకోవడానికి 1950లో తన గైడ్ సెల్మన్ వాక్స్‌మన్ మీద కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. 1952 నోబెల్ వాక్స్‌మన్‌కి ఒక్కరికే ఇచ్చారు. ఆ పేపర్లో రెండో పేరు ఎలిజబెత్ బుగీది. పేటెంట్‌లో ఆమె పేరు లేదు. ఆమె గురించి చదివినప్పుడల్లా నా ఉత్తరాలు గుర్తొస్తాయి.

పాఠాల_మేష్టారు

పాత_ఉత్తరాలు గారూ, మీకు జరిగింది తప్పు. పాత చేతిరాత చదవడం చదువుకుంటేనే వచ్చే విద్య. ఆ పేపర్ మొత్తం మీరు చదివిన పేజీల మీదే నిలబడింది.

గడప_గడపకు

లెక్కల అమ్మాయికి ఒక హెచ్చరిక. సోషియాలజీ వైపు ఇళ్లకు వెళ్లి ప్రశ్నలడుగుతారు కదా, ఎథిక్స్ కమిటీ (మనుషులతో చేసే పరిశోధనను ముందే పరిశీలించే కమిటీ) అనుమతి చేతికొచ్చిందో లేదో కనుక్కోండి. మేం వస్తుందిలే అని ముందే మొదలుపెట్టాం. ఆరు వారాల ఇంటర్వ్యూలు, 43 మంది. అనుమతి వచ్చాక తెలిసింది, అంతకు ముందు తీసుకున్నవి వాడకూడదని. అన్నీ పక్కన పెట్టాం. ఒక పెద్దావిడ తన భర్త జబ్బు గురించి గంటన్నర చెప్పింది, మధ్యలో రెండుసార్లు ఏడ్చింది. ఆమె సమయం, ఆమె బాధ మేం తీసుకుని వాడలేకపోయాం. మళ్లీ వెళ్లి అడగడానికి మనసొప్పలేదు.

సగటు_మనిషి

ఇంటర్వ్యూల్లో జవాబుల్ని కోడింగ్ చేసేటప్పుడు, అంటే ఏ జవాబు ఏ రకమో గుర్తు పెట్టేటప్పుడు, ఇద్దరు విడివిడిగా చేసి పోల్చుకోవాలి. ఒక్కరే చేస్తే నమ్మకం ఉండదు. ఆ రెండో మనిషిగా మీరు కూర్చోండి, ఆ సబ్జెక్టు మీకు వంటబడుతుంది.

మధ్యలో_మానేసిన

నేను ఒక సెమిస్టర్ చేసి మానేశాను, కాబట్టి నా మాట కూడా ఉండాలి. ఇద్దరు ప్రొఫెసర్లకు పడేది కాదు. ఇద్దరూ నాతో వేర్వేరుగా చెప్పేవారు, రెండూ కుదిరేవి కావు. అయిదు లైన్ల మెయిల్ పంపినా ఇద్దరూ జవాబివ్వలేదు. మానేయడం గురించి నాకు బాధ లేదు. వచ్చేటప్పుడు ఏ ఫైలు ఎక్కడుందో, ఏ కాలమ్ దేని గురించో ఎవరికీ చెప్పకుండా వచ్చాను, అది బాధ. నా తర్వాత చేరిన అబ్బాయి అదంతా మళ్లీ మొదటి నుంచి చేశాడట.

లెక్కల_అమ్మాయి

అందరికీ ధన్యవాదాలు. పాఠాల మేష్టారు చెప్పినట్టే రెండు ప్రశ్నలతో మెయిల్ పెట్టాను, ఇద్దరికీ ఒకేసారి. ఒకటి, 120 అంటే ఇళ్లా సీసాలా. రెండు, ఎథిక్స్ అనుమతి వచ్చిందా.

కెమిస్ట్రీ మేడమ్ పది నిమిషాల్లో జవాబిచ్చారు, సీసాలని. సోషియాలజీ సార్ రాత్రి ఇచ్చారు, ఇళ్లని. తర్వాత ఇంకో మెయిల్, మేడమ్‌కీ నాకూ కలిపి: 'మనం ముగ్గురం రేపు కూర్చోవాలి'. అనుమతి ఇంకా రాలేదట. సార్ దగ్గరి స్కాలర్ సోమవారం ఇళ్లకు బయల్దేరాల్సింది, ఆపేశారు.

ఇంటికి 'ఇ', సీసాకి 'సీ' పెట్టి నంబర్ల షీట్ ఒకటి తయారుచేశాను. ఒక ఇంట్లో రెండు సీసాలు తీస్తే ఇ007-సీ1, ఇ007-సీ2. మట్టిపొట్లం అన్నా, రేపు మీటింగ్ కన్నా ముందు ఒక్కసారి చూసి, ఎక్కడ దెబ్బతింటానో చెప్పవా?

మట్టిపొట్లం

బాగుంది చెల్లీ. బిందెదా కుళాయిదా అన్నది నంబర్లో కలపకు, దానికి వేరే కాలమ్ పెట్టు. తీసిన తేదీతో పాటు టైమ్ కూడా రాయించు, పొద్దున పట్టిన నీళ్లూ సాయంత్రం నీళ్లూ ఒకటి కావు. సీసా మీద చీటీ అంటించేటప్పుడు తడికి చెరిగిపోని పెన్నుతో రాయమను, నంబరు మూత మీద కాకుండా సీసా ఒంటి మీద ఉండాలి. మూతలు మారిపోతాయి.