సదస్సు పచ్చగా ఉండాలంటే ముందు తగ్గించాల్సింది ప్లేట్లా, విమానాలా?

నాగావళి:

మా సంస్థ వచ్చే ఏడాది హైదరాబాద్‌లో, మాదాపూర్ వైపు, ఓ అంతర్జాతీయ వ్యవసాయ సదస్సు పెడుతోంది. మూడు వేల మంది వస్తారు, వాళ్లలో సగం మంది విదేశాల నుంచి. ఏర్పాట్ల కమిటీలో నేనూ ఉన్నాను. పోయిన వారం మీటింగ్‌లో రెండు గంటలు కూర్చున్నాం. ప్లాస్టిక్ సీసాలు వద్దు, గోనె సంచులు ఇద్దాం, ఫ్లెక్సీల బదులు గుడ్డ బ్యానర్లు కడదాం, ప్రతి అతిథి పేరునా ఒక మొక్క నాటిద్దాం. అన్నిటికీ బడ్జెట్ వచ్చింది. "విదేశాల నుంచి వచ్చేవాళ్లని తగ్గిద్దామా" అని నేను అడిగేసరికి ఎవరూ నోరు విప్పలేదు. కాసేపటికి ఓ పెద్దాయన, "వాళ్లు రాకపోతే అది అంతర్జాతీయ సదస్సు ఎలా అవుతుందమ్మా" అన్నారు.

నా అభ్యంతరం ఇదీ. 2021లో గ్లాస్గోలో జరిగిన వాతావరణ సదస్సు వల్ల సుమారు 1,02,500 టన్నుల కర్బన ఉద్గారాలు వెలువడతాయని అప్పట్లో అంచనా వేశారు. అందులో 60 శాతం అంతర్జాతీయ విమాన ప్రయాణాలదే. భోజనాలు, హోటళ్లు, కరెంటు, ఊళ్లో తిరుగుళ్లు అన్నీ కలిపినా మిగతా నలభైలోనే. ఆ నలభైలో ఓ చిన్న ముక్కని సరిచేసి మన సదస్సుకి 'గ్రీన్' అని పేరు పెట్టుకోవడం తప్పని నా అభిప్రాయం. కమిటీకి లేఖ రాయాలనుకుంటున్నాను. మీరేమంటారు?

చెరువుగట్టు:

లెక్క మీరన్నదే నిజం. కానీ ప్లేట్ల సంగతిని అంత తేలిగ్గా కొట్టిపారేయకండి నాగావళి గారూ. నేను పన్నెండేళ్లుగా కేటరింగ్‌లో ఉన్నాను. పెద్ద సదస్సుల్లో మధ్యాహ్న భోజనం అయ్యాక హాల్లోకి ఒకసారి వచ్చి చూడండి. ప్రతి టేబుల్ మీదా అర లీటరు సీసాలే. రెండు గుక్కలు తాగి మూత కూడా పెట్టకుండా వదిలేసినవే ఎక్కువ. మా కుర్రాళ్లు ఒక్కొక్కటీ టబ్బులోకి వంచి ఖాళీ సీసాలని గోతాల్లోకి తొక్కుతారు. అంత నీళ్లు అలా పోతుంటే నాకు ప్రతిసారీ కడుపు తరుక్కుపోతుంది.

అన్నం సంగతి ఇంకా బాధ. వెయ్యి మంది అని చెబుతారు, చాలదేమోనన్న భయంతో పన్నెండొందల మందికి వండిస్తారు. తీరా తినేది ఎనిమిదొందల మంది, మిగతావాళ్లు బయట తినేస్తారు. మూత తీయని బిర్యానీ హండీ అయితే ఆ పూటే ఏ ఆశ్రమానికో పంపొచ్చు. బఫేలో పెట్టి సగం వడ్డించిన ట్రేని ఎవరికీ ఇవ్వలేం, పారబోయడమే. అందుకే ఏ పూటకి ఎంత మంది ఉన్నారో ఉదయం పదింటికల్లా మాకు చెప్పండి. రకాలు పన్నెండు వద్దు, ఆరు చాలు.

ఇంకో మాట. సీసాల బదులు పేపర్ కప్పులు పెట్టి పర్యావరణానికి మేలు చేశామనుకోకండి, వాటి లోపల కూడా సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. స్టీలు గ్లాసులు, నీళ్ల క్యాన్లు పెట్టించండి. ఒక హాల్లో తడి చెత్తకీ పొడి చెత్తకీ వేరువేరు రంగుల డబ్బాలు పెట్టారు. రాత్రి లారీ వచ్చాక అన్నీ ఒకే కుప్పలో గుమ్మరించారు, నేను పక్కనే ఉన్నాను. చెత్త చివరికి ఎక్కడికి వెళ్తుందో ముందే అడిగి తేల్చుకోండి.

పాలపిట్ట:

నేను అమెరికాలో భూవిజ్ఞానంలో పరిశోధన చేస్తున్నాను, కాబట్టి ఇది నా ఇంటి సమస్యే. మా రంగంలో ఏటా జరిగే పెద్ద సమావేశం 2019లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగింది. దాని లెక్కలు తర్వాత నేచర్ పత్రికలో వచ్చాయి. సుమారు 28,000 మంది రానూపోనూ తిరిగిన దూరం 28.5 కోట్ల కిలోమీటర్లు. అంటే ఇక్కడి నుంచి సూర్యుడి దాకా ఉన్న దూరానికి దాదాపు రెట్టింపు. ఉద్గారాలు 80,000 టన్నులు, మనిషికి దాదాపు 3 టన్నులు. అదే సమావేశాన్ని దేశం మధ్యలో ఉన్న చికాగోలో పెట్టి ఉంటే 12 శాతం తగ్గేది. దానితోపాటు అందరికన్నా దూరం నుంచి వచ్చేవాళ్లు, మొత్తంలో మూడో వంతు కన్నా కొంచెం ఎక్కువ మంది, ఆన్‌లైన్‌లో పాల్గొని ఉంటే నాలుగింట మూడు వంతులకు పైగా తగ్గేది. నాగావళి గారి అనుమానం సరైనదే. కొద్దిమంది ప్రయాణాలే అసలు బరువు.

తుంగభద్ర:

పాలపిట్ట గారూ, ఆ దూరం నుంచి వచ్చే మూడో వంతు ఎవరు? సదస్సు అమెరికాలో అయితే మనవాళ్లు, ఆఫ్రికావాళ్లు, ద్వీప దేశాలవాళ్లు. మీ లెక్క ప్రకారం ఇంట్లో కూర్చోవాల్సింది వాళ్లే. దీన్ని నేను ఒప్పుకోలేను.

2021 మే చివర నుంచి జూన్ దాకా ఐరాస వాతావరణ చర్చలు మూడు వారాలపాటు ఆన్‌లైన్‌లో నడిచాయి. ఒకరికి పగలైతే ఇంకొకరికి అర్ధరాత్రి. నెట్ సరిగ్గా లేని దేశాలు మొత్తుకున్నాయి. లాంఛనంగా నిర్ణయాలేవీ తీసుకోలేదు, అన్నీ గ్లాస్గోకి వాయిదా పడ్డాయి.

2012 అక్టోబరులో మన హైదరాబాద్ సమావేశ కేంద్రం హెచ్‌ఐసీసీలో జీవవైవిధ్య సదస్సు, కాప్ 11, జరిగినప్పుడు నేను వాలంటీరుని. బయోడైవర్సిటీ జంక్షన్ అని ఇవాళ అందరం అంటున్న పేరు ఆనాటిదే. వర్ధమాన దేశాలకు జీవవైవిధ్యం కోసం అందే అంతర్జాతీయ నిధుల్ని 2015కల్లా రెట్టింపు చేయాలని అక్కడే తీర్మానించారు. ఆ డబ్బు పంచాయతీ ఎలా నడిచిందో కొంత నా కళ్లతో చూశాను. హాల్లో మైకు ముందు ఎవరి మాట వాళ్లది. బయట వరండాలో టీ కప్పులు పట్టుకుని నిలబడ్డప్పుడే ఒకరి మాట ఒకరు విన్నారు. ఓ చిన్న దేశపు ప్రతినిధి, మనిషి సన్నగా ఉంటారు, చంకలో ఫైలు. పెద్ద దేశపు ఆయన లిఫ్టు దాకా వెళ్తుంటే వెంటే నడుస్తూ ఒక్క పేరా గురించి బతిమాలుతున్నారు. ఆన్‌లైన్‌లో ఆయన అలా వెంటపడగలరా?

2025లో వాతావరణ సదస్సు జరిగిన బ్రెజిల్‌లోని బెలేంలో హోటల్ గదుల ధరలు ఆకాశాన్నంటితే మొదట టెన్షన్ పడింది కూడా పేద దేశాలే. చివరికి రేవులో రెండు విహార నౌకలు నిలిపి గదులుగా వాడారు. తగ్గించడమంటూ మొదలైతే కోత ఎప్పుడూ ఒకవైపే పడుతుంది.

కొండాపూర్ వాసి:

2012లో మనకి మెట్రో లేదు, ఇప్పుడు హైటెక్ సిటీ, రాయదుర్గం దాకా ఉంది. గ్లాస్గోలో ప్రతినిధులకు బస్సులకీ రైళ్లకీ ఉచిత పాస్ ఇచ్చారు. మీరూ మెట్రో కార్డు ఇచ్చి, స్టేషన్ నుంచి హాలుకి బస్సులు నడపండి. మీ అతిథుల్లో సగం మంది మన దేశంవాళ్లే కదా. బెంగళూరు, విశాఖల నుంచి వందేభారత్ ఉంది. ఆ ఊళ్లవాళ్లకి రైలు ఛార్జీలే ఇస్తామని ఆహ్వానంలోనే రాసేయండి.

పాలపిట్ట:

తుంగభద్ర గారూ, మీ మాట నాకు గట్టిగా తగిలింది. నేను దూరాన్ని చూశాను, మనిషిని చూడలేదు. అయితే మధ్యే మార్గం ఒకటుంది. 2021లో వచ్చిన ఇంకో అధ్యయనం ప్రకారం సదస్సుని పూర్తిగా ఆన్‌లైన్ చేస్తే కర్బన భారం 94 శాతం తగ్గుతుంది. అలా కాకుండా రెండు మూడు ఊళ్లలో కేంద్రాలు పెట్టి కలిపితే, సగానికి పైగా మనుషులు ఎదురెదురుగా కూర్చుంటూనే, మూడింట రెండు వంతులు తగ్గించొచ్చు.

నాగావళి:

రాత్రి రిజిస్ట్రేషన్ల జాబితా తీసి మళ్లీ చూశాను. తుంగభద్ర గారి ప్రశ్న నా బుర్రలోంచి పోలేదు. ధనిక దేశాల సంస్థల నుంచి ఒక్కో చోట నుంచి ఐదారుగురు చొప్పున ఉన్నారు. పత్రం చదివేది ఒక్కరే. ఆఫ్రికా దేశాల నుంచి వచ్చేవాళ్లలో ఎక్కువ మంది ఒంటరిగా వస్తున్నారు, టికెట్‌కి డబ్బు సాయం కావాలని రాశారు కూడా.

అందుకని లేఖ మార్చాను. ఒక సంస్థ నుంచి ఇద్దరికి మించి రాకూడదు, మిగతావాళ్లు ఆన్‌లైన్. నైరోబీలో ఒక కేంద్రం పెడదాం, మనకి పదకొండు అయితే వాళ్లకి ఎనిమిదిన్నర, పగలంతా కలిసి పనిచేయొచ్చు. గోనె సంచులకీ మొక్కలకీ ఇచ్చిన బడ్జెట్ టికెట్ సాయం అడిగినవాళ్లకి వెళ్లాలి. మొక్కల మీద నాకు కోపం లేదు, కానీ ఇవాళ నాటిన మొక్క ఈ విమానాల పొగని పీల్చుకోవడానికి దశాబ్దాలు పడుతుంది, అప్పటిదాకా నీళ్లు పోసేదెవరో మా మినిట్స్‌లో ఎక్కడా లేదు. దేశంలోపలి రైలు ఛార్జీల మాట, భోజనాల లెక్క కూడా చేర్చాను. సోమవారం మీటింగ్.

తుంగభద్ర:

ఈ లేఖ మీద నేనూ సంతకం పెడతాను. ఇద్దరన్న నియమం మన సంస్థలకీ వర్తించాలని కూడా రాయండి.

చెరువుగట్టు:

ఒక్కటి మర్చిపోకండి నాగావళి గారూ. మూడు వేల స్టీలు గ్లాసులంటే కడగడానికి చోటు కావాలి. చాలా హాళ్లలో వెనక ఒక్క కుళాయే ఉంటుంది, మధ్యాహ్నానికల్లా గ్లాసులు చాలక మళ్లీ పేపర్ కప్పులు దింపుతారు. బుకింగ్ డబ్బు కట్టకముందే వెనక్కి వెళ్లి చూసి రండి.